డెల్టా సరుకుకు ఏ విమానం: ప్రయాణికుల విమానం పొట్టా, పాత విమానాన్ని మార్చిన ఫ్రైటరా?

కోరంగి మడ అడవుల మండపీత, ఉప్పాడ తీరం హేచరీల రొయ్య పిల్ల, కడియపులంక పూలు, ఆత్రేయపురం పూతరేకులు, చేలకు మందు కొట్టే డ్రోన్ల బ్యాటరీలు. గోదావరి డెల్టా నుంచి విమానం ఎక్కే సరుకు ఇలా పది రకాలు. పంపేవాళ్లు బుకింగ్ ఏజెంటును మొట్టమొదట అడిగేది కిలో రేటు. ఏ విమానంలో వెళ్తుందని అడిగేవాళ్లు అరుదు. సరుకు ప్రాణంతో చేరుతుందా, చితికిపోయి చేరుతుందా, అసలు ఎక్కించుకుంటారా అన్నది చాలావరకు తేలేది మాత్రం అక్కడే.

దేశం లోపల మీ ముందున్న దార్లు మూడు. ప్రయాణికుల విమానం పొట్టలో, అంటే సీట్ల నేల కింది సరుకు గదిలో వేయడం, సీట్లు పీకేసి సరుకుకు మార్చిన పాత విమానంలో (ఫ్రైటర్‌లో) పంపడం, రోడ్డు. మొదటిదే మనకు అలవాటు. రెండోది ఈ ఆరేడేళ్లలో దేశంలో బాగా పెరిగింది కాబట్టి దాని గురించే ఇక్కడ ఎక్కువ చెబుతాం.

ఈ ఫ్రైటర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి

ఎయిర్‌లైన్ ఒక విమానాన్ని పదిహేను, ఇరవై ఏళ్లు నడిపాక భారీ చెకప్‌ల ఖర్చు పెరుగుతుంది, కొత్త మోడల్ కంటే ఇంధనం ఎక్కువ తాగుతుంది. రోజుకు పది పన్నెండు గంటలు ఎగిరితేనే గిట్టుబాటయ్యే వ్యాపారంలో ఆ తేడా భరించలేరు. సరుకు విమానం రోజుకు నాలుగైదు గంటలు, అదీ ఎక్కువగా రాత్రిపూట ఎగురుతుంది. దానికి ఇంధనం ఆదా కంటే కొన్న ధర తక్కువగా ఉండడం ముఖ్యం. అందుకే ఎయిర్‌లైన్‌కు భారమైన విమానం కార్గో కంపెనీకి లాభసాటి.

అమ్మేవాడికి ఇంకో దారీ ఉంది: విప్పేసి ఇంజన్లు, విడిభాగాలు అమ్ముకోవడం. ఇంజన్లకు గిరాకీ పెరిగినప్పుడు మార్పిడికి వచ్చే విమానాలు తగ్గుతాయి. ఫ్రైటర్ల సంఖ్య ఒక ఏడాది పెరిగి మరో ఏడాది ఆగిపోవడానికి ఇదొక కారణం.

మార్పిడి అంటే సీట్లు తీసేయడంతో అయిపోయే పని కాదు. ముందు భాగంలో ఎడమ పక్క గోడ కోసి పెద్ద కార్గో తలుపు పెడతారు. నేల కింది దూలాలను బలపరుస్తారు. కిటికీలకు లోహపు బిళ్లలు బిగిస్తారు. సరుకు ముందుకు దూసుకొస్తే పైలట్లను కాపాడటానికి తొమ్మిది రెట్ల గురుత్వ బలాన్ని తట్టుకునే అడ్డుగోడ కడతారు. నేల మీద రోలర్లు, ప్యాలెట్లను (సరుకు పేర్చే చదునైన లోహపు పలకలను) పట్టి ఉంచే లాకులు, పొగను పసిగట్టే పరికరాలు వస్తాయి. బోయింగ్ 737 సైజు విమానానికి ఇదంతా మూడు నాలుగు నెలల పని. పెద్ద చెకప్ కూడా అప్పుడే కలిపి చేయిస్తారు.

పాతదంటే భయం సహజం. 2025 నవంబర్ 4న అమెరికాలోని లూయీవిల్‌లో కూలిన యూపీఎస్ కొరియర్ కంపెనీ సరుకు విమానం ఎండీ-11 ఒకప్పుడు థాయ్ ఎయిర్‌వేస్ ప్రయాణికుల విమానం. టేకాఫ్‌లో ఎడమ ఇంజన్, దాన్ని రెక్కకు పట్టి ఉంచే పైలాన్‌తో సహా ఊడిపోయింది. ఆ అతుకు దగ్గర లోహపు అలసట వల్ల వచ్చిన పగుళ్లను దర్యాప్తు సంస్థ గుర్తించింది. అది మూడు దశాబ్దాలు దాటిన, ఎప్పుడో తయారీ ఆగిపోయిన రకం. మన దేశంలో ఇప్పుడు పెరుగుతున్న బోయింగ్ 737-800, ఎయిర్‌బస్ ఎ321లు వేరు. ఆ మోడళ్లు ఇంకా వేల సంఖ్యలో ప్రయాణికులతో ఎగురుతున్నాయి. విడిభాగాలకు, తెలిసిన మెకానిక్‌లకు కొరత లేదు. సరుకు పంపేవాళ్లకు వీటితో నిజంగా వచ్చే ఇబ్బంది వేరే ఉంది. కంపెనీకి నాలుగైదు విమానాలే ఉంటే, ఒకటి మరమ్మతుకు వెళ్లిన రాత్రి దాని బదులు మరొకటి రాదు. ప్రయాణికుల విమానం తప్పిపోతే మూడు గంటల్లో ఇంకొకటి ఉంటుంది. చెడిపోయే సరుకు పంపేవాళ్లు ఏజెంటు దగ్గర తేల్చుకోవలసింది ఇదే.

పొట్ట: దగ్గరే, కానీ ఇరుకు

మధురపూడిలోని రాజమండ్రి విమానాశ్రయం నుంచి ఎగిరేవి ప్రయాణికుల విమానాలు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వైపు తిరిగేవి ఎక్కువగా ఏటీఆర్-72 అనే చిన్న పంకా విమానాలు. 2024 డిసెంబర్ నుంచి ముంబై, ఢిల్లీలకు ఎయిర్‌బస్‌లు కూడా మొదలయ్యాయి. ఈ రెండింటి మధ్య తేడా సరుకు పంపేవాళ్లకు చాలా పెద్దది.

78 సీట్ల ఏటీఆర్ మోయగలిగేది మొత్తం ఏడున్నర టన్నుల లోపు. మనిషికి, లగేజీకి కలిపి 95 కిలోలు వేసుకున్నా 78 మందికి 7,410 కిలోలు. అంటే విమానం నిండితే సరుకుకు మిగిలేది దాదాపు సున్నా. పండగల ముందు, పెళ్లిళ్ల సీజన్లో రాజమండ్రి నుంచి బుక్ చేసిన పెట్టెలు విమానం ఎక్కకుండా మిగిలిపోయేది ఇందుకే. మే నెల ఎండ ఇంకో దెబ్బ. వేడి గాలి పలచబడి రెక్కకు ఎత్తే బలం, ఇంజన్ శక్తి రెండూ తగ్గుతాయి. బరువు తగ్గించాల్సి వస్తే ముందు దిగేది సరుకే. ఏటీఆర్ మీద ఆధారపడే సరుకు 100, 150 కిలోలు దాటకుండా, తొలి విమానానికి బుక్ చేసుకోవడం మంచిది.

ఎయిర్‌బస్ ఎ320లో ప్రయాణికులు నిండినా మామూలుగా ఒకటి రెండు టన్నులకు చోటుంటుంది. దాని కింది తలుపు సుమారు 1.8 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు. 737 పొట్ట తలుపు ఇంకా చిన్నది, ఎత్తు 90 సెంటీమీటర్లకు లోపే. లోపల లోడర్లు వంగి, మోకాళ్ల మీద పాకుతూ పెట్టెలు పేరుస్తారు. పెట్టె మీద పెట్టె, దాని మీద ఇంకొకటి. బాణం గుర్తు ఎంత పెద్దగా వేసినా ఆ ఇరుకులో పెట్టె పక్కకు తిరిగే అవకాశం ఉంది. కాబట్టి పొట్టలో వెళ్లే పెట్టె 25 కిలోలు దాటకూడదు, ఒక మనిషి ఎత్తగలిగేలా ఉండాలి, పైన ఇంకో మూడు పెట్టెల బరువు మోయగలగాలి.

మార్చిన విమానాల్లో ఏది ఏమిటి

మన దేశంలో డెల్టా సరుకుకు తగిలేవి ముఖ్యంగా మూడు రకాలు.

బోయింగ్ 737-800. మార్పిడి తర్వాత 23.9 టన్నుల దాకా మోస్తుంది. పై అంతస్తులో, అంటే ఒకప్పుడు సీట్లున్న చోట పదకొండు పూర్తి ప్యాలెట్లు, ఒక చిన్నది పడతాయి. తలుపు సుమారు మూడున్నర మీటర్ల వెడల్పు, రెండు మీటర్లు దాటిన ఎత్తు. ఒక్కో ప్యాలెట్ 2.24 మీటర్లకు 3.18 మీటర్లు. 2023 జనవరిలో హైదరాబాద్‌లో మొదలైన అమెజాన్ ఎయిర్‌కు క్విక్‌జెట్ నడిపింది ఈ రకమే. బ్లూ డార్ట్ కూడా రెండు తెచ్చుకుంది. దీని లోపం పొట్ట. పైన ప్యాలెట్లు యంత్రంతో ఎక్కుతాయి గానీ కింద మళ్లీ చేత్తో పేర్చడమే. మీ సరుకు పైన వెళ్తుందా కింద వెళ్తుందా అని అడగకుండా ఫ్రైటర్ రేటు ఒప్పుకోకండి.

ఎయిర్‌బస్ ఎ321. ఇండిగో కార్గో వాడేది ఇది. 27 టన్నులు, పైన 14, కింద 10, మొత్తం 24 కంటైనర్ చోట్లు. కింద కూడా కంటైనర్ పట్టడమే దీని గొప్ప. మీ పెట్టెలు ఏజెంటు షెడ్డులోనో టెర్మినల్‌లోనో ఒకసారి కంటైనర్లో పేరిస్తే దిగేదాకా వాటిని ఎవరూ విడిగా ముట్టుకోరు. ఎండలో ట్రాలీ మీద విడి పెట్టెలుగా పడి ఉండే సమయం తగ్గుతుంది. పీతలకూ, రొయ్య పిల్లకూ, పూతరేకులకూ మా మొదటి ఓటు దీనికే.

బోయింగ్ 757-200. బ్లూ డార్ట్ కొరియర్ వ్యవస్థకు ఏళ్ల తరబడి వెన్నెముక. తయారీ 2004లోనే ఆగిపోయింది, కాబట్టి ఇప్పుడున్నవన్నీ పాతవే. ఇంజన్ బలం ఎక్కువ, వేడిలోనూ బరువు బాగా ఎత్తుతుంది. డబ్బా కట్టి డెల్టా ఊళ్ల నుంచి కొరియర్‌కిచ్చే చిన్న పార్సిళ్లు ఇలాంటి రాత్రి విమానాల్లోనే హైదరాబాద్, చెన్నై మీదుగా తిరుగుతాయి.

నాలుగోది మన దగ్గర లేదు గానీ, మన రన్‌వేలకు, మన సరుకు పరిమాణానికి సరిగ్గా సరిపోయేది ఏటీఆర్-72 ఫ్రైటర్. పెద్ద తలుపుతో, 9 టన్నుల సామర్థ్యంతో ఫెడెక్స్ కోసం కొత్తగా తయారైన తొలి విమానం 2020 డిసెంబర్లో చేరింది. పాత ప్రయాణికుల ఏటీఆర్‌లనూ ఇలా మారుస్తున్నారు. 24 టన్నుల 737ను రాజమండ్రిలో రోజూ నింపడం కష్టం. ఏడెనిమిది టన్నులు నింపడం సీజన్లో అసాధ్యమేమీ కాదు.

విదేశానికైతే లెక్క మారుతుంది. చెన్నై, హైదరాబాద్ నుంచి వెళ్లే పెద్ద విమానాల పొట్టే ప్యాలెట్లు మింగేంత పెద్దది. సింగపూర్ వైపు వెళ్లే మండపీతకు చెన్నై పాత దారి, ఇప్పటికీ మంచి దారి. అక్కడ ఫ్రైటర్ కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు.

కాంటా బరువా, పెట్టె కొలతా

విమాన సరుకుకు బిల్లు రెండు బరువుల్లో పెద్దదాని మీద పడుతుంది. ఒకటి కాంటా బరువు. రెండోది పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తే వచ్చే కిలోలు. కొన్ని కొరియర్లు 5,000తో భాగిస్తాయి, అప్పుడు బిల్లు ఇంకా పెరుగుతుంది.

60, 45, 40 సెంటీమీటర్ల థర్మోకోల్ పెట్టె తీసుకోండి. గుణిస్తే 1,08,000. ఆరు వేలతో భాగిస్తే 18 కిలోలు. అందులో పీతలు వేసి 22 కిలోలు తూగితే బిల్లు 22 కిలోలకు. అదే పెట్టెలో లిల్లీ పూలు వేస్తే ఏడు కిలోలే తూగవచ్చు, బిల్లు మాత్రం 18 కిలోలకు. పూలవాళ్లు కిలో రేటు విని సంతోషించి, బిల్లు చూసి గొడవ పడేది ఇక్కడే. పూలకు పెట్టె ఎత్తు తగ్గించి, పొరలు గట్టిగా పేర్చి కొలత కుదించుకోవడం తప్ప మార్గం లేదు.

మొత్తం విమానం అద్దెకు తీసుకునే హేచరీల బృందానికి ఈ లెక్క ఇంకా ముఖ్యం. 737-800 లోపలి చోటు పైనా కిందా కలిపి సుమారు 185 ఘన మీటర్లు. 23.9 టన్నులను దాంతో భాగిస్తే ఘన మీటరుకు దాదాపు 130 కిలోలు. మీ సరుకు ఘన మీటరుకు అంతకంటే బరువైతే విమానం సగం ఖాళీగా కనిపిస్తున్నా బరువు నిండిపోతుంది. తేలికైతే బరువు మిగిలుండగానే చోటు అయిపోతుంది. పై ఉదాహరణలో పీతల పెట్టె ఘన మీటరుకు 204 కిలోలు, పూల పెట్టె 65 కిలోలు. రెండూ కలిపి ఒకే అద్దెలో పంపుకుంటే ఇద్దరికీ కలిసొస్తుంది. పీతల యజమాని బరువును, పూల యజమాని చోటును వాడుకుంటారు. ఖాళీగా తిరిగొచ్చే ప్రయాణపు ఖర్చు కూడా అద్దెలో కలుస్తుందని మరవకండి. తిరుగు సరుకు దొరకని చోటికి చార్టర్ దాదాపు ఎప్పుడూ గిట్టదు.

సరుకును బట్టి ఎంపిక

రొయ్య పిల్ల. విమానం రకం కంటే ముందు చూడాల్సింది సంచి. మూడో వంతు నీరు, మిగతా రెండు వంతులు ఆక్సిజన్ నింపి, నీటిని చల్లబరిచి ప్యాక్ చేస్తారు. ఎగిరేటప్పుడు లోపలి గాలి ఒత్తిడి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతకు పడిపోతుంది, పొట్టలోనూ పై అంతస్తులోనూ అంతే. ఆ ఒత్తిడిలో సంచిలోని వాయువు దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది. లారీకి కట్టినట్టు టంగుమనేలా నింపిన సంచి గాల్లో చిట్లుతుంది, లేదా రబ్బరు ముడి దగ్గర లీకవుతుంది. ఒక్క సంచి నీరు పక్క కార్టన్లను తడిపి దొంతర మొత్తం కూలుతుంది. నొక్కితే వేలు లోపలికి దిగేంత వదులుంచండి. రెండు సంచులు ఒకదానిలో ఒకటి వేయండి.

సూరత్, కోల్‌కతా వైపు వెళ్లే పెద్ద ఆర్డరుకు ఫ్రైటరే మేలు. 2021లో స్పైస్‌జెట్ చెన్నై, విశాఖ, సూరత్, కోల్‌కతాలను కలుపుతూ రొయ్యల కోసమే ఫ్రైటర్లు ప్రకటించింది కూడా. అయితే అలాంటి సర్వీసులు సీజన్‌తో వస్తాయి, పోతాయి. సంచి కట్టే ముందు ఆ వారం విమానం నిజంగా ఎగురుతోందో లేదో కనుక్కోవాలి. ఒక టన్ను లోపు ఆర్డరైతే విశాఖ నుంచో శంషాబాద్ నుంచో నేరుగా వెళ్లే ప్రయాణికుల విమానం పొట్ట చాలు. మధురపూడిలో ఏటీఆర్ ఎక్కించి హైదరాబాద్‌లో ఇంకో విమానానికి మార్చడం మాత్రం వద్దు. మారే చోట మూడు నాలుగు గంటలు షెడ్డులో ఆగితే చల్లదనం పోతుంది. రాత్రికి రాత్రి ఇన్సులేటెడ్ వ్యానులో శంషాబాద్ చేర్చి, తెల్లవారు విమానానికి నేరుగా ఇవ్వడమే భద్రం. పన్నెండు గంటల లోపు రోడ్డు మీద చేరే చెరువుకు విమానం ఆలోచనే అక్కర్లేదు.

మండపీత. డెక్కలు కట్టి, తడి గోనె పొరల మధ్య పేర్చి, పక్కల గాలి రంధ్రాలున్న పెట్టెలో వేస్తే నీళ్లు లేకుండానే రెండు మూడు రోజులు బతుకుతుంది. చంపేవి రెండు: ఎండ, ఐసు నేరుగా తగలడం. చల్లదనం కావాలంటే జెల్ ప్యాక్‌ను కాగితంలో చుట్టి మూత కింద పెట్టండి. డ్రై ఐసు జోలికి పోవద్దు. అది ఆవిరై కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, మూసిన పెట్టెలో ప్రాణమున్న దేనికైనా అది విషమే. పక్క గడిలో వేరే వాళ్ల డ్రై ఐసు సరుకు ఉందా అని కూడా అడగండి. పొట్టలో పంపితే గాలి ఆడే, ఉష్ణోగ్రత అదుపులో ఉండే గదిలోనే వేయమని బుకింగ్‌లో రాయించాలి, అన్ని విమానాల్లో అన్ని గదులూ అలా ఉండవు. ఫ్రైటర్ పై అంతస్తులో గాలి సమస్య లేదు గానీ అంతా ఒకే ఉష్ణోగ్రత. మందుల సరుకు కోసం బాగా చల్లబరిచిన రాత్రి పీతలు పంపకండి.

పులస, చల్లటి చేప. సీజన్లో హైదరాబాద్‌కు రాత్రి బస్సు, వ్యాను విమానాన్ని ఓడిస్తాయి. ఢిల్లీ, ముంబై అయితే ఎయిర్‌బస్ పొట్ట. విడి ఐసు ఒప్పుకోరు. లోపల మందపాటి పాలిథిన్, నీరు పీల్చే పొర, థర్మోకోల్, పైన కార్టన్ ఉండాలి. పెట్టెను తలకిందులు చేసి పావుగంట ఉంచండి, ఒక్క చుక్క కారినా మళ్లీ కట్టండి. ఉప్పునీరు విమానం నేలను తినేస్తుంది. ఒకసారి కారిన పెట్టె పంపినవాళ్ల తర్వాతి బుకింగులను కూడా కంపెనీలు తిరస్కరిస్తాయి.

పూతరేకులు. కిలోలు తక్కువ, విలువ ఎక్కువ, నలిగితే అయిపోయింది. రాత్రి ఫ్రైటర్లలో తిరిగే కొరియర్ మేలు, విడి పెట్టెల పొట్ట సరుకు కంటే. గట్టి అట్టపెట్టెలో ఇంకో గట్టి పెట్టె.

మొక్కలు. కడియం నర్సరీల మొక్కలకు లారీయే సరి. మట్టి బరువుకు విమాన ఛార్జీ కట్టడం దండగ. తప్పనిసరైతే కొబ్బరి పీచు పొట్టులోకి మార్చి, మీటరు ఎత్తు దాటకుండా చూస్తే పొట్టలో పడుతుంది. అంతకంటే పొడవైతే పై అంతస్తున్న ఫ్రైటరే.

డ్రోన్ బ్యాటరీలు. ఇక్కడ ఎంపికే లేదు. విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలను 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో సరుకుగా తీసుకోరు. ఫ్రైటర్లోనే వెళ్లాలి. ఛార్జ్ 30 శాతం మించకూడదు, ఒక పెట్టెలో 35 కిలోలకు మించి వేయకూడదు. ‘సరుకు విమానంలో మాత్రమే’ అన్న లేబుల్, ప్రమాదకర సరుకు డిక్లరేషన్, శిక్షణ పొందినవారి ప్యాకింగ్ కావాలి. ఉబ్బిన బ్యాటరీని వారంటీ కోసం కంపెనీకి పంపాలనుకుంటే అది ఏ విమానమూ ఎక్కదు. ‘స్పేర్ పార్ట్స్’ అని రాసి పంపడం విమానంలో ఉన్నవాళ్ల ప్రాణాలతో ఆడుకోవడమే.

బుక్ చేసే ముందు, దిగిన తర్వాత

ఏజెంటును ఫోన్లో ఇవి అడగండి: విమానం రకం, పై అంతస్తా కిందా, కంటైనరా విడి పెట్టెలా, నేరుగానా మార్చాలా, సరుకు ఇవ్వాల్సిన ఆఖరి గడువు, ఆ విమానం రద్దయితే తర్వాతది ఎప్పుడు. గడువు సాధారణంగా ఎగరడానికి రెండు మూడు గంటల ముందే ముగుస్తుంది. ఎక్స్‌రే దగ్గర క్యూ ఉంటే అది దాటిపోతుంది. ప్రాణమున్న సరుకైతే ‘సజీవ జంతువులు’ లేబుల్, బాణం గుర్తులు, అటువైపు తీసుకునేవారి ఫోను నంబరు పెట్టెకు రెండు పక్కలా ఉండాలి. విదేశానికి సముద్రపు సరుకైతే ఎగుమతి తనిఖీ సంస్థ ఆరోగ్య ధ్రువపత్రం, మొక్కలైతే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ముందే చేతిలో ఉండాలి.

దిగిన చోట పెట్టెలు తీసుకునేవారికి ఒక మాట ముందే చెప్పి ఉంచండి. తడిసినా, నలిగినా, తక్కువైనా డెలివరీ కాగితం మీద సంతకం చేసే ముందే ఆ సంగతి రాయాలి, ఫొటో తీయాలి. అంతర్జాతీయ సరుకుకు నష్టం జరిగితే అందిన 14 రోజుల్లోగా, ఆలస్యమైతే 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. గడువు దాటితే దావాకు చోటుండదు. కంపెనీ ఇచ్చే పరిహారానికి కిలో చొప్పున పరిమితి ఉంది. అది ఎగుమతి పీతల ధరకు చాలకపోతే బుకింగ్ రోజునే విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టాలి, లేదా విడిగా బీమా తీసుకోవాలి.